వాల్వ్ ఉచితం.. మరి ఆ తర్వాతి రక్తపరీక్ష?

మా మేనత్త దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవర్‌లోనే దాన్నీ పెట్టుకుంటుంది. ఏ పేజీ తిప్పినా రెండే వరుసలు. ఒకవైపు తేదీ, ఇంకోవైపు ఒక అంకె. 2.6, 3.1, 2.8, 1.4, 5.2... 2011లో ఆమె గుండెలో పాడైపోయిన మైట్రల్ వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ అమర్చారు. అప్పటి నుంచి ఆమె బతుకు ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఆమె పక్కన కూర్చుంటే ఛాతీలోంచి చేతిగడియారం లాంటి టిక్ టిక్ చప్పుడు వినిపిస్తుంది. ‘అది మోగినంత కాలం నేనున్నట్టే’ అని నవ్వుతుంది.

ఆ సర్జరీకి ఆమె ఒక్క రూపాయి కట్టలేదు. ఆరోగ్యశ్రీ భరించింది. కానీ నోట్‌బుక్‌లోని ఆ అంకె తెలుసుకోవాలంటే 40 కిలోమీటర్ల దూరంలోని పట్నానికి బస్సెక్కాలి. పరీక్షకు కొన్ని వందల రూపాయలు, బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి. దాంతో నెలకోసారి చేయించుకోమన్న పరీక్ష మూడు నెలలకోసారి అయింది. సర్జరీ అయిన నాలుగో ఏట పన్ను పీకించుకోవడానికి వెళ్తే మాత్రలు ఆపమన్నారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. మూడు వారాలు గడిచేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. చప్పుడు కూడా మందగించింది. వాల్వ్ మీద రక్తం గడ్డకట్టింది. నగరంలోని పెద్దాసుపత్రికి సమయానికి తీసుకెళ్లగలిగాం కాబట్టి, గడ్డను కరిగించే మందు పనిచేసింది కాబట్టి ఆమె మనకు మిగిలింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. లక్షల రూపాయల సర్జరీని ఉచితంగా చేయించడం మన ప్రభుత్వాలు నేర్చుకున్నాయి. ఆ సర్జరీ ఫలితాన్ని నిలబెట్టే చిన్న రక్తపరీక్షను ఊరి దాకా తీసుకెళ్లడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. కృత్రిమ వాల్వ్ ఉన్నవారి విషయంలో భారత్‌తో పాటు దక్షిణాసియా అంతటా కనిపించే అసలు లోపం ఇదే.

గొంతు నొప్పితో మొదలై..

పాశ్చాత్య దేశాల్లో వాల్వ్ మార్పిడి ఎక్కువగా వృద్ధుల సమస్య. వయసు మీదపడి అయోర్టిక్ వాల్వ్ గట్టిపడితే మారుస్తారు. మన దగ్గర కథ వేరు. ఇక్కడ వాల్వ్‌లు పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ గుండెజబ్బు. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వస్తుంది. దానికి సరైన చికిత్స అందకపోతే కొందరు పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత గుండె మీదే దాడి చేస్తుంది. కీళ్లనొప్పులు, జ్వరం తగ్గిపోతాయి. వాల్వ్‌కు తగిలిన దెబ్బ మాత్రం మిగిలిపోతుంది. పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో ఆయాసం రూపంలో బయటపడుతుంది.

ఇరుకు ఇళ్లు, పేదరికం, అందుబాటులో లేని వైద్యం ఉన్నచోటే ఈ జబ్బు బతుకుతుంది. ప్రపంచవ్యాప్తంగా కనీసం 4 కోట్ల మంది దీంతో జీవిస్తున్నారని, ఏటా దాదాపు 3 లక్షల మంది చనిపోతున్నారని అంచనాలున్నాయి. ఆ భారంలో పెద్ద వాటా భారత్‌దే. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ రుమాటిక్ జ్వరం, గుండెజబ్బులపై ప్రత్యేక తీర్మానం చేసింది. సంపన్న దేశాలు దాదాపు మరచిపోయిన జబ్బు కావడంతో అంతర్జాతీయ పరిశోధనల్లోనూ, నిధుల్లోనూ దీనికి దక్కే చోటు తక్కువ.

కాబట్టి మన దగ్గర కృత్రిమ వాల్వ్‌తో ఇంటికి వెళ్లేవారిలో చాలామంది 20, 30, 40 ఏళ్లవాళ్లు. వారిలో మహిళలు ఎక్కువ. కూలికెళ్లేవారు, పిల్లల్ని కనాల్సినవారు, ఇంకా ముప్పై నలభై ఏళ్ల జీవితం ముందున్నవారు.

లోహం మీద రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

శరీరంలో రక్తం నిరంతరం ప్రవహిస్తున్నా గడ్డకట్టకపోవడానికి ముఖ్య కారణం రక్తనాళాల లోపలి పొర. అది గోడకు వేసిన సున్నం లాంటిది కాదు. ప్రాణమున్న కణాల వరుస. నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే ప్రోస్టాసైక్లిన్‌ను అవి విడుదల చేస్తూనే ఉంటాయి. ఆ పొర చిట్లితే, లేదా రక్తం ఒకచోట నిలిచిపోతే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది.

లోహపు వాల్వ్‌కు అలాంటి ప్రాణమున్న పొర లేదు. రక్తానికి అది పరాయి వస్తువు. దాని కీలు దగ్గర, కుట్టు వేసిన అంచుల దగ్గర ప్రవాహం సుడులు తిరుగుతుంది. అక్కడ సన్నని పొరలా గడ్డ మొదలవుతుంది. ఆ తర్వాత రెండు రకాల ప్రమాదాలు. గడ్డ పెరిగి వాల్వ్ తలుపు కదలకుండా పట్టేస్తే గుండె ఆడదు. ముక్క విడిపోయి రక్తంలో కొట్టుకుపోతే ఎక్కడో ఒక ధమనిలో అడ్డుపడుతుంది. మెదడులో అయితే పక్షవాతం. కాలిలో అయితే కాలు చల్లబడి నల్లబడుతుంది. పేగుల్లో అయితే భరించలేని కడుపునొప్పి.

అందుకే లోహపు వాల్వ్ ఉన్నవారు జీవితాంతం వార్ఫరిన్ గానీ, అసినోకౌమరాల్ గానీ వాడాలి. మన దగ్గర అసిట్రామ్ పేరుతో చాలామందికి తెలిసింది ఈ రెండోదే. ఇంటి భాషలో వీటిని ‘రక్తం పలుచన చేసే మాత్రలు’ అంటాం. నిజానికి ఇవి రక్తాన్ని పలుచన చేయవు. గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్-కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మాత్రలు ఆ సాయాన్ని అడ్డుకుంటాయి. పేరు వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. రక్తహీనత ఉందని తెలిసిన రోజు ‘రక్తం ఇప్పటికే పలచగా ఉంది, ఇక మాత్ర ఎందుకు’ అని మానేసేవాళ్లు ఉంటారు. రెండింటికీ సంబంధం లేదు.

మందు పని ఎంతో అంకెల్లో చూడొచ్చు. 1994లో వచ్చిన ఒక విస్తృత విశ్లేషణ ప్రకారం, ఏ మందూ వాడకపోతే లోహపు వాల్వ్ ఉన్న ప్రతి 100 మందిలో ఏడాదికి దాదాపు నలుగురికి గడ్డ కొట్టుకుపోయి తీవ్ర ప్రమాదం జరుగుతుంది. ఈ మాత్రలు వాడితే అది ఒకరికి తగ్గుతుంది. నలుగురిలో ముగ్గుర్ని కాపాడే మందు అది. ధర కూడా రోజుకు కొన్ని రూపాయలే. వార్ఫరిన్ మన అత్యవసర మందుల జాతీయ జాబితాలోనూ ఉంది.

మరి సమస్య ఎక్కడ?

సన్నని గట్టు మీద నడక

ఈ మందు ఎంత అవసరమో అంత ప్రమాదకరం. దాని పుట్టుకే ఆ సంగతి చెబుతుంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని కనిపెట్టింది. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. 1954లో మనుషులకు మందుగా అనుమతి పొందింది. డోసు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. మధ్యలో నడవాల్సిన గట్టు సన్నగా ఉంటుంది.

ఆ గట్టు మీద ఉన్నామో లేదో చెప్పేదే ఐఎన్ఆర్ పరీక్ష. మా మేనత్త నోట్‌బుక్‌లోని అంకె అదే. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. అయోర్టిక్ స్థానంలో లోహపు వాల్వ్ ఉన్నవారికి సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో ఉన్నవారికి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. ఎవరికి ఎంత అనేది వాల్వ్ రకాన్ని, ఇతర జబ్బులను బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. 1.4 అంటే గడ్డకు తలుపు తెరిచినట్టే. 5.2 అంటే తలకు చిన్న దెబ్బ తగిలినా మెదడులో రక్తస్రావం భయం.

చిక్కేమిటంటే ఆ అంకె ఒకచోట నిలవదు. బీపీ మాత్రలా ఒకసారి డోసు కుదిరితే చాలనుకోవడానికి లేదు. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు.. మన వంటింట్లోని ఆకుకూరలన్నిటిలో విటమిన్-కె ఉంటుంది. ఒక వారం రోజూ ఆకుకూర పప్పు తిని, తర్వాతి రెండు వారాలు ముట్టకపోతే ఐఎన్ఆర్ ఊగిపోతుంది. దీనికి పరిష్కారం ఆకుకూరలు మానేయడం కాదు. వారానికి ఎంత తింటారో దాదాపు అంతే తింటూ ఉండటం. ‘ఆకుకూరలు బంద్’ అని ఒక్క మాటలో చెప్పి పంపేసే అలవాటు పేదల పళ్లెంలోంచి చవకైన పోషకాహారాన్ని తీసేయడం తప్ప మరేమీ కాదు.

మందుల సంగతి ఇంకా తీవ్రం. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, కొన్ని యాంటీబయోటిక్స్ ఐఎన్ఆర్‌ను ఒక్కసారిగా పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని పడేస్తుంది. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్ కూడా అంతే. క్షయ ఇంత విస్తృతంగా ఉన్న దేశంలో ఇది పుస్తకాల్లోని ముచ్చట కాదు. ఒంటినొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కడుపులో రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర కండకు సూది వేయించుకోవడం మన ఊళ్లలో అలవాటు. ఈ మాత్రలు వాడేవారికి ఆ సూది వేసినచోట లోపల రక్తం పేరుకుపోవచ్చు. రక్తనాళాల ఆరోగ్యం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. అదుపులేని బీపీ మెదడులోని సన్నని నాళాలను బలహీనం చేస్తుంది. అలాంటి నాళం ఈ మందు వాడేవారిలో చిట్లితే ఆపడం కష్టం. పొగ, అదుపులేని షుగర్ నాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అంటే లోహపు వాల్వ్ ఉన్న మనిషికి గుండెతో పాటు ఒంట్లోని నాళాలన్నిటినీ కాపాడుకోవాల్సిన పని మిగతావారికంటే ఎక్కువ.

ఇన్ని కారణాలతో ఊగే అంకెను ఏడాదికి రెండు మూడుసార్లు చూస్తే సరిపోదు. స్థిరంగా ఉన్నవారికి కూడా నెలకోసారి, కొత్త మందేదైనా మొదలుపెడితే వారంలోపే చూసుకోవాలి.

కొత్త మాత్రలు ఎందుకు పనికిరాలేదు?

‘రక్తపరీక్ష అవసరం లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా’ అని చదువుకున్నవాళ్లు చాలామంది అడుగుతారు. గుండె లయ తప్పిన వృద్ధులకు, కాళ్ల సిరల్లో గడ్డలు కట్టినవారికి ఆ మాత్రలు నిజంగానే మేలు చేశాయి. లోహపు వాల్వ్ దగ్గర మాత్రం ఓడిపోయాయి.

డాబిగాట్రాన్‌ను లోహపు వాల్వ్ ఉన్నవారిలో పరీక్షించిన రీ-అలైన్ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2013లో దాని ఫలితాలు వచ్చాయి. వార్ఫరిన్ వాడినవారికంటే కొత్త మందు వాడినవారిలో గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. అపిక్సబాన్‌తో అయోర్టిక్ స్థానంలో ఒక ప్రత్యేక రకం వాల్వ్ ఉన్నవారిలో చేసిన ప్రొయాక్ట్ అధ్యయనాన్ని కూడా గడ్డల ప్రమాదాలు ఎక్కువగా కనిపించడంతో 2022లో ఆపేశారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇన్విక్టస్. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గణేశన్ కార్తికేయన్ నేతృత్వంలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల్లో, 4,500 మందికి పైగా రోగులతో జరిగిన అధ్యయనమిది. వీరు లోహపు వాల్వ్ ఉన్నవారు కాదు. రుమాటిక్ గుండెజబ్బుతో గుండె లయ తప్పినవారు. కొత్త మాత్ర రివరాక్సబాన్ గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. 2022లో వచ్చిన ఫలితం తిరగబడింది. పాత వార్ఫరిన్ తరగతి మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువ. దీనికి కారణాలను చర్చిస్తూ నిపుణులు లేవనెత్తిన అవకాశాల్లో ఒకటి ఆలోచింపజేస్తుంది. ఐఎన్ఆర్ కోసం నెలనెలా ఆసుపత్రికి రావడం వల్ల వారి ఇతర ఇబ్బందులు కూడా డాక్టర్ కంట పడి ఉండొచ్చు అన్నది. భారం అనుకున్న పరీక్షే రక్షణ కూడా అయి ఉండొచ్చు.

అంటే మనకు కనుచూపు మేరలో దగ్గరి దారి లేదు. లోహపు వాల్వ్ ఉన్నంతకాలం ఈ పాత మాత్ర ఉంటుంది. ఆ మాత్ర ఉన్నంతకాలం ఐఎన్ఆర్ పరీక్ష ఉంటుంది.

వాల్వ్‌ను తయారుచేసిన దేశం

ఈ లోపం మరింత బాధించడానికి కారణం ఉంది. దీనికంటే ఎంతో కష్టమైన పనిని ఈ దేశం చేసి చూపించింది. దిగుమతి చేసుకునే వాల్వ్‌ల ధర పేదలకు అందని రోజుల్లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వల్యత్తాన్ బృందం సొంత వాల్వ్ తయారీకి పూనుకుంది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలబడింది. కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహపు చట్రం, ప్రత్యేకమైన గట్టి పాలిథిలిన్ బిళ్ల, గుండెకు కుట్టడానికి పాలియెస్టర్ వలయం. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. టీటీకే సంస్థ ద్వారా మార్కెట్లోకి వచ్చిన ఆ చిత్ర వాల్వ్ ఇప్పటివరకు లక్ష మందికి పైగా గుండెల్లోకి చేరింది. వల్యత్తాన్ 2024 జులైలో కన్నుమూశారు.

ఆ తర్వాత డబ్బు అడ్డంకిని కూడా చాలావరకు దాటాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె సర్జరీలను తెల్లకార్డు కుటుంబాల దాకా తీసుకెళ్లింది. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ బీమాను తెచ్చింది. కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు దాని కిందికి వస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ పథకాల రూపకల్పనే ‘ఆసుపత్రిలో చేరిక’ చుట్టూ జరిగింది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు ఉంటాయి. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంది. అది మంచి ఆలోచన. కానీ వాల్వ్ ఏడాది కోసం వేసేది కాదు. సర్జరీ జరిగిన పదో ఏట, పదిహేనో ఏట ఆ మనిషి ఐఎన్ఆర్ ఎవరు చూస్తారు? ఫాలోఅప్ ఉన్నా అది సర్జరీ చేసిన నగరంలోని ఆసుపత్రిలోనే అయితే, పోను రాను చార్జీలు, కూలి పోగా ఆ ‘ఉచితం’ ఎంత ఉచితం?

లెక్క చూస్తే ఇది ప్రభుత్వానికి కూడా నష్టమే. పరీక్ష చేయించుకోలేక వాల్వ్ పట్టేసిన రోగి మళ్లీ ఐసీయూలో చేరతాడు. అవసరమైతే రెండో సర్జరీ. ఆ బిల్లును అదే బీమా పథకం చెల్లిస్తుంది. కొన్ని వందలకు వెనకాడి లక్షలు కట్టే లెక్క ఇది.

దక్షిణాసియా అంతటా ఇదే చిత్రం

అభివృద్ధి చెందిన దేశాల్లో లోహపు వాల్వ్ గడ్డతో మూసుకుపోవడం ఏటా 100 మందిలో 0.3 నుంచి 1.3 మధ్య ఉంటుందని, వర్ధమాన దేశాల్లో అది 6 దాకా ఉందని వైద్య పత్రికల్లో తరచూ ఉటంకించే లెక్కలు చెబుతున్నాయి. వాల్వ్ ఒకటే, మందు ఒకటే. తేడా ఉన్నది ఆ తర్వాతి వ్యవస్థలో.

ఢాకాలో, కరాచీలో జాతీయ హృద్రోగ సంస్థలున్నాయి. కాఠ్మాండూలో షహీద్ గంగాలాల్ జాతీయ హృదయ కేంద్రం ఉంది. అక్కడి సర్జన్ల నైపుణ్యానికి లోటు లేదు. కానీ నేపాల్ కొండ జిల్లాలోని పల్లెకు తిరిగి వెళ్లిన మనిషికి, సుందర్‌బన్ దీవుల్లోని మనిషికి, మన ఏజెన్సీ గూడేనికి వెళ్లిన మనిషికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. వచ్చే నెల ఈ రక్తాన్ని ఎక్కడ పరీక్షిస్తారు?

గడ్డకట్టాక చికిత్స కూడా సులువు కాదు. పాశ్చాత్య దేశాల్లో చాలాచోట్ల వెంటనే రెండో సర్జరీకి వెళ్తారు. మన దగ్గర అందుబాటు, ఖర్చు దృష్ట్యా స్ట్రెప్టోకినేజ్ లాంటి గడ్డ కరిగించే మందునే ఎక్కువగా వాడతారు. ఎయిమ్స్‌లో 120 మంది రోగులపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ చికిత్సకు పూర్తిగా స్పందించినవారు 60 శాతానికి లోపే. మా మేనత్త ఆ అరవైలో ఉంది. మిగతా నలభై మంది సంగతి ఆలోచిస్తే నెలనెలా పరీక్ష ఎంత విలువైనదో అర్థమవుతుంది.

తల్లి కావాలనుకుంటే..

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే బరువు మోసేది యువతులు. వార్ఫరిన్ మావిని దాటి బిడ్డను చేరుతుంది. ముఖ్యంగా గర్భం 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ఎముకలు, ముక్కు నిర్మాణంలో లోపాలు రావచ్చు. డోసు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకపోతే ఆ ముప్పు తక్కువ. అందుకే కొందరికి డాక్టర్లు ఆ మందునే కొనసాగిస్తారు. ఇంకొందరికి ఆ వారాల్లో హెపారిన్ ఇంజెక్షన్లకు మారుస్తారు. హెపారిన్ బిడ్డకు చేరదు. కానీ దాని మోతాదును ప్రత్యేక రక్తపరీక్షలతో సరిచూస్తూ ఉండకపోతే తల్లి వాల్వ్ మీద గడ్డ కడుతుంది.

పలు దేశాల గర్భిణుల వివరాలు సేకరించిన రోపాక్ రిజిస్ట్రీ 2015లో వెల్లడించిన సంగతి ఇది. లోహపు వాల్వ్ ఉన్న 212 మంది గర్భిణుల్లో, పెద్ద ప్రమాదమేదీ లేకుండా ప్రాణంతో బిడ్డను కన్నవారు 58 శాతమే. పది మందికి వాల్వ్ మీద గడ్డ కట్టింది. నిపుణులు చూసే పెద్ద కేంద్రాల లెక్క ఇది. మన మండల కేంద్రంలో పరిస్థితి ఊహించుకోవచ్చు.

పెళ్లి సంబంధం చెడుతుందని వాల్వ్ సంగతి దాచిపెట్టిన కుటుంబాల్లో అమ్మాయి అత్తగారింట్లో దొంగచాటుగా మాత్ర వేసుకోవాలి. పరీక్షకు వెళ్లడానికి కారణం చెప్పలేక మానేయాలి. అందుకే సర్జరీకి ముందే యువతులతో ఈ విషయం విడమరచి మాట్లాడటం తప్పనిసరి. జంతు కణజాలంతో చేసిన వాల్వ్ అయితే జీవితాంతం వార్ఫరిన్ అవసరం లేకపోవచ్చు. కానీ చిన్న వయసులో అది త్వరగా పాడవుతుంది, రెండో సర్జరీ తప్పదు. వీలైనచోట సొంత వాల్వ్‌నే బాగుచేయడమో, బెలూన్‌తో వెడల్పు చేయడమో మేలు. ఏది ఎంచుకున్నా అది ఆ అమ్మాయికి అర్థమై ఎంచుకున్నదిగా ఉండాలి. చివరి నిమిషంలో సంతకం పెట్టించుకున్న కాగితం దానికి బదులు కాదు.

ఏం చేయొచ్చు?

దీనికి కొత్త ఆసుపత్రులు కట్టక్కర్లేదు. ఉన్న వ్యవస్థను ఒక్క అడుగు పొడిగిస్తే చాలు.

మొదటిది, పరీక్షను ఊరికి దగ్గర చేయడం. షుగర్ మీటర్ లాగానే వేలి కొన నుంచి ఒక చుక్క రక్తంతో నిమిషంలో ఐఎన్ఆర్ చెప్పే చిన్న పరికరాలు ఏనాడో వచ్చాయి. వాటి స్ట్రిప్‌లు ఒక్కో రోగి కొనుక్కోవాలంటే ఖరీదే. కానీ ప్రతి ఏరియా ఆసుపత్రిలో, కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఒక పరికరం పెట్టి, స్ట్రిప్‌లను రాష్ట్రం మొత్తానికి కలిపి కొంటే ధర దిగొస్తుంది. పీహెచ్‌సీల నుంచి నమూనాలు సేకరించి కేంద్ర ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతి తెలంగాణ డయాగ్నస్టిక్స్ రూపంలో ఇప్పటికే నడుస్తోంది. అలాంటి ఏర్పాటులో ఐఎన్ఆర్‌కు ప్రత్యేక శ్రద్ధ కావాలి. దీనికి వాడే నీలం మూత ట్యూబ్‌లో గీత దాకా రక్తం నింపాలి. సగమే నింపితే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆ తప్పు అంకెను నమ్మి డోసు తగ్గిస్తే గడ్డ కడుతుంది. ఇలాంటి చిన్న శిక్షణలే ప్రాణాలు నిలబెడతాయి.

రెండోది, డోసు ఎవరు చెప్పాలి అన్నది. ప్రతిసారీ కార్డియాలజిస్టే చూడాల్సిన పనిలేదు. చాలా దేశాల్లో శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు నిర్ణీత పట్టిక ప్రకారం డోసు సర్దుతారు. అంకె మరీ తేడాగా ఉంటేనే డాక్టర్‌కు పంపుతారు. ఈ-సంజీవని లాంటి టెలిమెడిసిన్ వేదికకు ఇంతకంటే తగిన పని ఉండదు. చూడాల్సింది ఒక అంకె, చెప్పాల్సింది ఒక డోసు.

మూడోది, రోగి చేతికే పగ్గాలు ఇవ్వడం. జర్మనీలో వాల్వ్ రోగులకు సొంతంగా ఐఎన్ఆర్ చూసుకోవడం నేర్పించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. 2016లో కాక్రేన్ సంస్థ పలు అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంట్లోనే పరీక్షించుకునేవారిలో గడ్డల ప్రమాదాలు దాదాపు 40 శాతం తగ్గాయి. మన దగ్గర చదువురాని వాళ్లుంటారు కదా అనే అభ్యంతరం వస్తుంది. ఇన్సులిన్ సూది సొంతంగా వేసుకునే అమ్మమ్మలున్న దేశం ఇది. డ్వాక్రా సంఘాల్లో పైసా తేడా రాకుండా లెక్కలు నడిపిన ఆడవాళ్లున్న రాష్ట్రాలు మనవి.

నాలుగోది, ఒక జాబితా. ఏ పీహెచ్‌సీ పరిధిలో వాల్వ్ వేయించుకున్నవారు ఎందరున్నారు? బీమా పథకాల కంప్యూటర్లలో వారి పేర్లు, ఊళ్లు, సర్జరీ తేదీలు ఇప్పటికే ఉన్నాయి. ఆ సమాచారం ఊళ్లోని ఏఎన్ఎం దాకా చేరితే, రెండు నెలలుగా పరీక్ష చేయించుకోని మనిషి తలుపు తట్టడానికి ఒకరుంటారు. గర్భిణుల విషయంలో మనం చేస్తున్నది అదే కదా.

ఇక అన్నిటికంటే మొదట చేయాల్సింది, కొత్తగా వాల్వ్‌లు పాడవకుండా చూడటం. పిల్లల గొంతు నొప్పికి సరైన చికిత్స, రుమాటిక్ జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమంలో బడి పిల్లలకు చూడాల్సిన జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బు కూడా ఉంది. ఆ జాబితా కాగితం మీద ఉండిపోకూడదు.

వాల్వ్ ఉన్న ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, కొత్తగా ఆయాసం వచ్చినా, వాల్వ్ చప్పుడు మందగించినా రేపటి దాకా ఆగొద్దు. నల్లటి విరేచనం, ఆగని రక్తం, తలకు దెబ్బ కూడా అంతే. పన్ను పీకించుకోవడానికైనా, ఏ ఆపరేషన్‌కైనా మాత్ర ఆపాలా వద్దా, ఆపితే ఏ రోజు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది వాల్వ్ చూసే డాక్టర్ దగ్గర రాయించుకోవాలి. చాలా సందర్భాల్లో ఐఎన్ఆర్ సరిగ్గా ఉంటే మాత్ర ఆపకుండానే పన్ను తీయొచ్చు.

మా మేనత్త ఇప్పుడు నెల తప్పకుండా పరీక్షకు వెళ్తోంది. ఇంట్లో ముగ్గురం వంతులేసుకుని తీసుకెళ్తున్నాం. పోయిన నెల అంకె 2.9. నోట్‌బుక్‌లో రాసి, కింద చిన్న గీత గీసింది. ముగ్గురు తోడులేని ఇంట్లోనూ ఒక నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఖాళీగా మిగిలిన నెలలను నింపాల్సిన బాధ్యత, ఆ వాల్వ్ వేయించిన ప్రభుత్వానిదే.